నల్లమలకు పోతున్నారా? అడవికి చేటు చేయకుండా పోయి రావడం ఎలా

నల్లమలలో తెలంగాణ వైపున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కృష్ణ ఒడ్డు దాకా పరుచుకున్న అడవి ఇది. ఇంత అడవిని ఊడ్చడానికి మనుషులు ఉండరు. అడవి మొదట్లో చెక్‌పోస్టు ఉన్న మన్ననూరు దాటాక మీరు పడేసిన సీసాను ఎవరైనా ఏరారంటే, పులుల జాడ చూడాల్సిన, మంటలు ఆర్పాల్సిన సిబ్బంది ఆ పని వదిలి ఏరినట్టే. ఏరనిది అక్కడే పడి ఉంటుంది.

అందుకే అడవికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం మీరు బయల్దేరే ముందురోజు, వంటింట్లో సంచి సర్దేటప్పుడే తేలిపోతుంది. కింది లెక్కలన్నీ పది మంది ఒక తుఫాన్ బండిలో పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణానికి. ఇద్దరే పోతున్నా, రెండు బండ్లలో పోతున్నా ఆ మేరకు మార్చుకోండి.

ఎప్పుడు పోవాలి

అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. వాగుల్లో నీళ్లుంటాయి, ఎండ తక్కువ, నిప్పు భయం తక్కువ. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలి అడవి ఎండిపోతుంది. అప్పుడు ఒక బీడీ ముక్క చాలు, కొండంతా అంటుకోవడానికి. పైగా ఎండాకాలం జంతువులకు మిగిలే నీటి గుంటలు కొన్నే. ఆ గుంట దగ్గర పది మంది పొద్దంతా కూర్చుని పాటలు పెట్టుకుంటే దుప్పి, కణుజు దూరంగా నిలబడి దప్పికతోనే తిరిగిపోతాయి. వేసవిలో పోక తప్పకపోతే నీళ్ల దగ్గర గంటకు మించి ఉండకండి.

ఆదివారాలు, వరుస సెలవులు మానుకోండి. మంగళ, బుధ, గురువారాల్లో పోతే జనం పలచగా ఉంటారు, మీకూ అడవి కనిపిస్తుంది.

అడవిలోంచి శ్రీశైలం పోయే రోడ్డును మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఈ సంగతి తెలిసి కూడా శ్రీశైలంలో ఆలస్యం చేసి, గేటు పడిపోతుందని ఎనిమిదింటికి బండిని ఉరికించేవాళ్లు చాలామంది. జంతువులు రోడ్డు దాటే వేళ కూడా సరిగ్గా అదే. దర్శనం ఎంత ఆలస్యమైనా సాయంత్రం ఐదింటికల్లా శ్రీశైలం విడవాలని పొద్దున్నే పది మందితో అనిపించుకోండి. కుదరకపోతే అక్కడే రాత్రి ఉండి తెల్లారి రండి.

నీళ్లు

ఎండాకాలం మనిషికి రోజుకు నాలుగు లీటర్లు కావాలి. పది మందికి నలభై. అంటే లీటరు సీసాలు నలభై కొనాలి, లేదా 20 లీటర్ల క్యాన్లు రెండు తీసుకుపోవాలి. చలికాలమైతే ఒక క్యాను, మనిషికో నింపిన లీటరు స్టీలు సీసా సరిపోతాయి. క్యానుకు కింద కుళాయి ఉండేది చూసుకోండి. కుళాయి లేని క్యాను వంచి పోసుకుంటే చాలా నీళ్లు నేలపాలవుతాయి, మధ్యాహ్నానికి నీళ్లు అయిపోయి మళ్లీ సీసాలే కొనాల్సి వస్తుంది.

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా పోయేవాళ్లకు ఒక మాట. ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందన్న భయంతో పెట్టెలకు పెట్టెలు సీసాలు కొంటారు. భయానికి కారణం ఉంది. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాల బోరు నీళ్లు రెండు మూడు తరాల ఎముకలను వంచేశాయి. అయితే ఆ జబ్బు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది, ఒక పూట తాగితే వచ్చేది కాదు. ప్రభుత్వ మిషన్ భగీరథ కుళాయిల్లో వచ్చేది శుద్ధి చేసిన నది నీరు, భూమిలోని బోరు నీరు కాదు. హోటల్లో సీసా నింపుకునే ముందు "ఇవి భగీరథ నీళ్లా, బోరు నీళ్లా?" అని అడగండి. బోరువైతే కాగబెట్టి తాగుదామనుకోకండి. కాగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఊళ్లలో ప్యూరిఫైడ్ వాటర్ ప్లాంట్లు ఉంటాయి, అక్కడ క్యాను నింపుకోండి.

ఎండ నీరసానికి ఓఆర్ఎస్ డబ్బాలు కొననక్కర్లేదు. లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, పైన చదును చేసి కొలవండి. పొట్లం కట్టిన చక్కెర, ఉప్పు ముందే వెంట ఉంచుకుంటే చాలు.

సద్ది

ఎక్కువగా జరిగే పొరపాటు ఎక్కువ వండటం. "తక్కువ పడుతుందేమో" అని రెండు కిలోల బియ్యం వండి, మిగిలింది చెట్టు కింద కుమ్మరించి "కోతులు తింటాయిలే" అంటారు. జొన్నరొట్టెలు కూడా ఉంటే పది మందికి కిలో బియ్యం పులిహోర సరిపోతుంది. రొట్టెలు మనిషికి మూడు చొప్పున ముప్పై, పల్లి పొడి, పచ్చడి, పెరుగు. పెరుగు తప్ప ఇవి ఎండకు తొందరగా పాడు కావు, చల్లారినా తినొచ్చు. కోడిని తీసుకుపోయి అక్కడ వండుకుందామన్న ఆలోచన మానుకోండి. నిప్పు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానికి తోడు బొక్కల వాసనకు ఎలుగు, చిరుత ఆ చోటికి అలవాటు పడతాయి, తర్వాత వచ్చే మనుషుల మీదికి ముప్పు తెస్తాయి.

చిరుతిండికి చిప్స్ పాకెట్ల బదులు సకినాలు, మురుకులు, పల్లి పట్టీలు స్టీలు డబ్బాలో పోసుకోండి. చిప్స్ పాకెట్ పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్, పాత సామాన్ల వాళ్లు కూడా కొనరు. అందుకే ఇది ఎక్కడ పడితే అక్కడే ఉండిపోతుంది.

కంచాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. థర్మాకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. దాంతో చాలామంది పేపరు ప్లేట్లకు, పేపరు గ్లాసులకు మారారు. వాటి లోపలి వైపు వేలితో రాయండి, నున్నగా తగులుతుంది. అది చాలావరకు ప్లాస్టిక్ పూతే. అంగట్లో దొరికే మిషన్ విస్తరాకులు కూడా చూసి కొనండి. రెండు ఆకుల మధ్య పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి ఒత్తినవి ఉంటాయి. అంచు దగ్గర చింపి చూస్తే తెలిసిపోతుంది. పుల్లలతో కుట్టిన మోదుగ విస్తర్లైతే మంచిదే. వాటికన్నా మేలు ఇంట్లోని స్టీలు కంచాలు పది, గ్లాసులు పది. తిన్నాక తడి బట్టతో తుడిచి గుడ్డ సంచిలో వేసుకోండి, ఇంటికొచ్చి కడుక్కోండి. వాగులో కడిగితే నూనె, కారం, సబ్బు కింద తాగే జీవాలకు పోతాయి.

"మోదుగాకు అడవిదే కదా, అడవిలో వేస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. ఆకుతో ఇబ్బంది లేదు. దానికి అంటిన ఉప్పు, నూనెల కోసం జింకలు, పశువులు వస్తాయి, పక్కనే పడి ఉన్న కవరును కూడా కలిపి మింగేస్తాయి. మింగిన కవరు కడుపులో ఉండ కట్టి మేత దిగనివ్వదు. కడుపు నిండినట్టే ఉండి ఆకలితో చస్తాయి.

చెత్తకు మూడు వేరు వేరు చోట్లు

ఇది ఇంట్లోనే సిద్ధం చేసుకోవాలి.

మూత గట్టిగా పడే బకెట్టు ఒకటి: అన్నం మెతుకులు, తొక్కలు, విస్తర్లు దీనిలోకి. అడుగున ఒక పాత దినపత్రిక పరిస్తే కారదు.

ఖాళీ 25 కిలోల బియ్యం సంచి ఒకటి: పొడి చెత్తకు. నల్ల కవర్లు పనికిరావు, డబ్బా అంచు తగిలితే చిరిగిపోతాయి.

ముదురు రంగు సంచి ఒకటి, లోపల రెండు వరుసల కాగితంతో: వాడిన ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి వైప్స్. తడి వైప్స్ చూడటానికి బట్టలా ఉన్నా చాలావరకు ప్లాస్టిక్ పోగులే.

మూడూ బండి లోపలే ఉంచండి. పైన క్యారియర్ మీద కడితే మన్ననూరు ఘాటులోనే కోతులు చింపేస్తాయి, మిగిలింది గాలికి పోతుంది. మన్ననూరు, వటవర్లపల్లి దగ్గరి చెత్త డబ్బాల్లో కూడా వేయకండి. అవి చిన్న పంచాయతీలు. ఆదివారం వందల బండ్లు వేసిన చెత్త ఎత్తే శక్తి వాటికి లేదు. నిండి పొర్లిన డబ్బాను కోతులు రోడ్డంతా పరుస్తాయి. చెత్త మీతో పాటే ఇంటికి రావాలి.

సారా, బీరు తేవడం గురించి చర్చ అక్కర్లేదు, తేకండి. పగిలిన గాజు తరాల పాటు మట్టిలో ఉంటుంది. ఆ బాటల్లో చెప్పులు లేకుండా నడిచే మనుషులున్నారు.

బయల్దేరే ముందు చెప్పులు, బూట్ల అడుగులు, బండి మ్యాట్లు దులిపి కడగండి. పొలాల గట్ల మీది వయ్యారిభామ కలుపు విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, బురదకు అంటుకుని అడవి దాకా పోతుంది. అది లేచిన చోట గడ్డి లేవదు.

చెక్‌పోస్టు దాటాక

చెక్‌పోస్టు దగ్గర కట్టే రుసుముకు రసీదు తీసుకోండి. ఆ వారం ఏ దారి మూసి ఉందో అక్కడే అడగండి. ఫర్హాబాద్ వ్యూపాయింటుకు అటవీశాఖ సఫారీలోనే పోవాలి, సొంత బండిని అడవి బాటలోకి దింపకూడదు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

బండి 30, 40 కిలోమీటర్ల వేగం మించనీయకండి. దుప్పి ఒకటి దాటిందంటే వెనక ఇంకో రెండు మూడు ఉంటాయి. ముందుది పోయింది కదా అని వేగం పెంచినప్పుడే వెనకది తగులుతుంది. మలుపుల దగ్గర తప్ప హారన్ వద్దు.

కోతులకు అరటిపండ్లు వేయడం పుణ్యమని మనసులో ఉన్నవాళ్లకు నచ్చజెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. పండు వేసిన చోటికి కోతి మళ్లీ వస్తుంది, పిల్లను తెచ్చుకుంటుంది. రోడ్డు మీద నలిగిపోయే కోతులు ఇలా అలవాటు పడ్డవే. అవి చెట్ల మీది పండ్లు తిని విత్తనాలు అడవంతా చల్లాలి. రోడ్డు పక్కనే కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. బండి అద్దాలు ఎత్తి, తినేవి కనపడకుండా పెట్టండి. కోతి కరిచినా, గీరినా వెంటనే పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించుకోండి. పసుపు, సున్నం రాయకండి.

నీళ్ల దగ్గర

మల్లెలతీర్థం జలపాతానికి మూడు వందల పైచిలుకు మెట్లు దిగాలి. దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైకి బరువు మోయలేకే చాలామంది సీసాలు కిందే వదిలేస్తారు. కాబట్టి సద్ది పైనే తినండి, కిందికి ఒక్కో నీళ్ల సీసా తప్ప ఏమీ తీసుకుపోకండి. గుంటలో సబ్బు, షాంపూ, నూనె వద్దు. నిలిచిన నీటిలో సబ్బు నురగ పురుగులను, చేప పిల్లలను చంపుతుంది. తడిసిన రాళ్ల మీద పాకుడు ఉంటుంది, వానాకాలం పైనుంచి ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుంది. నీటి రంగు ఎర్రబడితే మారు మాట లేకుండా పైకి వచ్చేయండి.

కాలకృత్యాలు అచ్చంపేటలోనో మన్ననూరులోనో ముగించుకోవడం అన్నిటికన్నా మేలు. తప్పనప్పుడు నీటికి ఎనభై అడుగులు వేసేంత దూరం పోయి, జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక మట్టితో పూడ్చండి. చిన్న తాపీ ఒకటి బండిలో ఉంటే చాలు. ఒంటరిగా లోపలికి పోవద్దు, ఇంకొకరు కేక వినపడే దూరంలో నిలబడాలి.

సలేశ్వరం జాతరకు పోయేవాళ్లకు

సలేశ్వరం అడవి లోపలి లోయలో ఉన్న శివుడి గుడి. చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే అక్కడికి బాట తెరుస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగుతారు, "పోయొస్తాం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. లోయలో సన్నటి బాట, ఎదురెదురుగా జనం, నడి వేసవి. తెల్లవారుజామునే నడక మొదలుపెడితే ఎండ ముదిరేలోపు తిరిగి ఎక్కొచ్చు.

కట్టి విడిచిన బట్టలు గుండంలో వదిలే అలవాటు మానాలి. నైలాన్ చీర, ప్యాంటు కుళ్లవు, రాళ్ల సందుల్లో ఇరుక్కుని నీటిని ఆపేస్తాయి. కొబ్బరికాయ కొట్టినవాళ్లు పీచు, చిప్ప వెనక్కి తెచ్చుకోండి. కర్పూరం రాతి మీదే వెలిగించి, ఆరేదాకా అక్కడే ఉండండి. ఆకుల మీద పెట్టి ముందుకు నడిచారంటే అడవికి నిప్పు పెట్టినట్టే.

అన్నదానం చేసే బృందాల చేతిలో అందరికన్నా ఎక్కువ మేలు ఉంది, ఎక్కువ కీడూ ఉంది. వెయ్యి మందికి మనిషికి మూడు నీళ్ల పాకెట్లు ఇస్తే మూడు వేల ప్లాస్టిక్ ముక్కలు లోయలో పడతాయి. అదే వెయ్యి మందికి అర లీటరు చొప్పున ఐదు వందల లీటర్లు కావాలి. కుళాయి బిగించిన 200 లీటర్ల డ్రమ్ములు మూడు పెడితే తీరిపోతుంది. పక్కన గొలుసు కట్టిన స్టీలు గ్లాసులు పది, "మీ సీసా నింపుకోండి" అని పెద్ద అక్షరాల బోర్డు. అన్నం మోదుగ విస్తర్లలో పెట్టండి. వాడిన విస్తర్లకు రెండడుగుల వెడల్పు నోరున్న బుట్టలు, వడ్డించే చోటికి పది అడుగుల్లోపే ఉండాలి. ఇంకా దూరం పెడితే చాలామంది బుట్ట దాకా రారు. బుట్టలను చూడటానికే ఇద్దరిని పెట్టండి.

చెంచు పెంటల్లో

పెంట అంటే మనుషులు ఉండే ఊరు. లోపలికి పోయే ముందు అక్కడి పెద్దను అడగండి. ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మను, పిల్లలను అడగకుండా ఫొటో తీయకండి. వద్దంటే ఫోను జేబులో పెట్టేయండి. పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లు పంచడం ప్రేమతోనే చేస్తారు, కానీ బండి కనపడగానే బడి వదిలి రోడ్డు మీదికి ఉరికే అలవాటు దాని నుంచే వస్తుంది. ఇవ్వాలనుకుంటే పలకలు, పుస్తకాలు బడి పంతులు చేతికి ఇవ్వండి.

మీ డబ్బు ఇక్కడ పని చేయాలంటే చెంచు యువకుడిని గైడుగా పెట్టుకోండి, కూలి ముందే మాట్లాడుకుని పూర్తిగా ఇవ్వండి. తేనె గిరిజన కార్పొరేషన్ డిపోలోనో, సీజనులో నేరుగా వాళ్ల దగ్గరో కొనండి. కొండ చరియకు తాడు కట్టి దిగి తీసిన తేనెకు బేరమాడకండి. నీళ్లలో చుక్క వేసి, అగ్గిపుల్ల ముంచి కల్తీ తేల్చడం నమ్మదగ్గ పరీక్ష కాదు. ఊరి పక్క రోడ్డు మీద అమ్మేవన్నీ చెంచుల తేనె కాకపోవచ్చు, అమ్మేవాళ్లను ఏ పెంట అని అడగండి. అడవి మాంసం దొరుకుతుందా అని మాత్రం ఎన్నడూ అడగకండి. అడిగిన మీరు ఇంటికి పోతారు, కేసు వాళ్ల మీద పడుతుంది. నేల మీద పడి ఉన్న దుప్పి కొమ్ము, ముళ్లపంది ముల్లు కూడా ముట్టకండి.

దారిలో ఆగితే

మహబూబ్‌నగర్ మీదుగా పోయేవాళ్లు పిల్లలమర్రి దగ్గర ఆగుతారు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఈ మర్రికి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగింది. లోపల చెద గుల్ల చేసింది. సందర్శకులను ఆపేసి, రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోర్‌పైరిఫాస్ మందును చుక్క చుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు, వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు కట్టారు. ఆ కొమ్మల మీదే ఏళ్లపాటు జనం ఊయలలూగారు, పేర్లు చెక్కారు. బెరడు కిందనే ఆహారం పారే పొర ఉంటుంది, పేరు చెక్కితే అది తెగుతుంది, ఆ గాటులో చెద చేరుతుంది. కంచె బయటి నుంచే చూడండి. చుట్టూ నేల తొక్కినా గట్టిపడి ఊడ వేళ్లు దిగలేవు.

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో, పానగల్లు సోమేశ్వరాలయాల్లో శిల్పాలకు కుంకుమ, నూనె పెట్టకండి. పూజ గర్భగుడిలోని దేవుడికే.

నాగార్జునసాగర్ లాంచీలో పూజ కవర్లు కృష్ణలో విసిరే హైదరాబాదు వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ నీళ్లనే పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి మీ ఇంటి కుళాయికి పంపుతున్నారు. పూలు ఇంటి మొక్కల మొదట్లో వేయండి.

పోచంపల్లిలో చీర కొనేటప్పుడు తిరగేసి చూడండి. నూలుకు ముందే రంగులద్ది నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. అంచులు గీత గీసినట్టుండి వెనక వైపు వెలిసిపోయి ఉంటే అది ప్రింటు. హ్యాండ్లూమ్ మార్కు చీటీ అడగండి. నేసే ఇంట్లోకి పోతే మగ్గాన్ని, సాగదీసిన పోగులను చేత్తో తాకకండి.

తిరిగొచ్చాక

ఆ రాత్రే మూడు సంచులూ దింపేయండి. తడి చెత్త ఎరువు గుంతలోకి, లేకపోతే పొద్దున మున్సిపాలిటీ బండికి. పొడి చెత్త ఒకసారి కడిగి ఆరబెట్టి ఇస్తే పాత సామాన్ల వాళ్లు తీసుకుంటారు. మూడో సంచిని కాగితంలో చుట్టి, మీద ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. పొడి సంచిలో ఏమేం ఎక్కువగా వచ్చాయో ఒక చీటీ మీద రాసి సద్ది డబ్బాలో పెట్టుకోండి, తర్వాతి ప్రయాణానికి వాటిని ఇంట్లోనే తగ్గించొచ్చు.

ఫొటోలు పెట్టేటప్పుడు ఊరి పేరు, జిల్లా పేరు చాలు. బోర్డు లేని వాగుకు, జనం ఎరగని గుండానికి లొకేషన్ పెట్టకండి. మరుగుదొడ్డి, చెత్తబండి, కాపలా లేని చోటికి వచ్చే ఆదివారమే వంద బండ్లు వస్తాయి.